పీఠమెక్కిన తూయా

ఆ జనవరిలో మా నర్సరీలో పన్నెండు వేల తూయా మొక్కలు చలికి మాడి ఇటికరంగుకి తిరిగాయి. తూయా ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, దాని బతుకే అది. ఇంటి చుట్టూ దడిగా నిలబడి, మంచు పడ్డా ఈదురుగాలి కొట్టినా పక్కింటివాడి కళ్ళకి అడ్డంగా పచ్చగా ఉంటుందనే జనం కొనుక్కుపోతారు. ఇటికరంగు దడి ఎవడిక్కావాలి? ఫిబ్రవరి అంతా మా అత్తగారు పెలాగియా పొద్దున్నే లేచి, చచ్చిపోయిన మా మామగారి కోటు తొడుక్కుని, వరసల మధ్య నడిచి, ఏమీ మాట్లాడకుండా తిరిగొచ్చి పొయ్యి దగ్గర కూర్చునేది. నోరు మూసుకుని ఉన్న అత్తగారిని చూసి నాకు భయం పట్టుకుంది.

నేనప్పటికి ఆ ఇంటికి ఇల్లరికం వచ్చి రెండేళ్ళు. అంతకుముందు వూచ్ పట్నంలో ట్రాము నడిపేవాణ్ణి. పెళ్ళిచూపుల రోజునే అత్తగారు నా చేతులు తిప్పి చూసి, "పట్టాల మీద తప్ప నడవలేనివాణ్ణి తెచ్చుకున్నావు కదే" అంది కూతురితో. ఆ రోజునుంచి నేను ట్రామునే. అంబ్రోజి అని మా అమ్మ పెట్టిన పేరొకటి ఉందని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అయినా ఒకమాట ఒప్పుకోవాలి. పట్నంలో పుట్టి పెరిగినవాడికి పొద్దున్నే తడిమట్టి వాసనలో నిలబడటం ఎంత బాగుంటుందో మీకు చెప్పలేను. నాకు ఆ నేల వదిలి ఎక్కడికీ వెళ్ళాలని లేదు.

బోగ్నాకి వెళ్ళాలని ఉంది. బోగ్నా నా భార్య. ఈస్టర్ పండుగ భోజనాల దగ్గర కోడిగుడ్డు ఒలుస్తూ చల్లగా చెప్పింది. "నాకు మూడో నెల. పక్క పట్నం ఎరువుల ఫ్యాక్టరీలో అంబ్రోజికి పని ఉంది, అక్టోబరు ఒకటిదాకా ఆగుతామన్నారు. మూడో అంతస్తులో ఫ్లాట్ ఇస్తారు. కుళాయి తిప్పితే వేడినీళ్ళు. అమ్మా, నువ్వూ మాతోనే. నేల కాబేజీ వేసుకునేవాళ్ళకి ఇచ్చేద్దాం."

"మూడో అంతస్తులో నేనా? కిటికీలోంచి దూకనా?" అంది అత్తగారు.

"దూకక్కర్లేదు. లిఫ్టుంటుంది."

అత్తగారు రొట్టె ముక్క పక్కన పెట్టింది. "ఒక మొక్క కాలలేదు" అంది. "ఒక్కటి. సున్నాకి ముప్పైమూడు డిగ్రీలు కిందికి దిగిన చలిలో ఆకు కొస కూడా ఎర్రబడలేదు. జూన్ ఆఖర్లో యోహానుగారి పండుగ దాటాక కొమ్మ గట్టిపడుతుంది, అప్పుడు రెమ్మలు తీసి ఇసకలో పెడతాను. అలాంటిది ఈ చుట్టుపక్కల ఎవడి దగ్గరా లేదు."

బోగ్నా చాలాసేపు ఆలోచించింది. మా ఆవిడ మాటిస్తే తప్పదు, అందుకే తొందరపడి ఇవ్వదు. "అక్టోబరులోపల మూడొందలు వేళ్ళు పట్టినవి చూపించు, ఉంటాం. మూడొందలుంటే మూడేళ్ళలో నర్సరీ నిలబడుతుంది. అంతకి తక్కువైతే నా మాట వినాలి."

"ఏ మొక్క అత్తమ్మా?" అన్నాను నేను.

"నీకు చెబితే ట్రాము గంట కొట్టినట్టే. ఊరంతా వినపడుతుంది" అంది.

మా ఊళ్ళో ప్రతి రెండో ఇల్లూ నర్సరీయే. ఒకడి దగ్గర మంచి రకం ఉందని తెలిస్తే తెల్లారేసరికి దానికి సగం కొమ్మలుండవు. తిట్టుకుంటారుగానీ పోలీసుల దగ్గరికి ఎవరూ పోరు. దొంగిలించిన కొమ్మే బాగా వేళ్ళు పడుతుందని ఇక్కడ సామెత కూడా. అంచేత అత్తగారి భయంలో తప్పు లేదు. వారం తిరక్కుండానే బావి పక్కనున్న గుబురు తూయాకి ఎర్ర రిబ్బను కట్టి కనపడింది. దిష్టి తగలకుండా ఇక్కడివాళ్ళు పసిపిల్లల బండికి కడతారు, అలాంటిదే. రోజూ సాయంత్రం చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి దాని మొదట్లో పోసేది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఓహో ఇదన్నమాట అనుకుని ఆ ఏప్రిల్, మే నెలలు రెండూ ఆ రిబ్బను మొక్కకి కాపలా కాశాను. కోడి దాని దగ్గరికి వెళ్తే కోడిని తరిమాను.

జూన్‌లో దివ్య సత్ప్రసాద పండుగ వచ్చింది. ఫాదర్‌గారు దివ్యప్రసాదం చేతపట్టుకుని నడిచే ఊరేగింపు ఊరంతా తిరిగి, రోడ్డు పక్కన కట్టిన నాలుగు పీఠాల దగ్గర ఆగుతుంది. ఆ నాలుగు పీఠాలూ పచ్చటి కొమ్మలతో కట్టాలి. పండుగ ముందురోజు సాయంత్రం స్తెఫ్కా పిన్ని ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో తోపుడుబండి లాక్కుంటూ మా గేటు తీసింది. స్తెఫ్కా పిన్ని నాలుగో పీఠానికి ముప్పై ఏళ్ళుగా అధికారిణి. ఫాదర్‌గారు కూడా ఆవిణ్ణి అడిగే పువ్వు మార్చేవారు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. అత్తగారు పన్ను పీకించుకోడానికి పట్నం వెళ్ళింది, బోగ్నా తోడు వెళ్ళింది.

"అబ్బాయ్, దండ కట్టాలి, తూయా కావాలి. ఏటా పెలాగియానే ఇస్తుంది" అంది పిన్ని.

నేను గొప్పగా చెయ్యి ఊపాను. "దేవుడి పనికి అడగాలా పిన్నీ? వెనక ఎక్కడైనా కోసుకోండి. ఆ బావి పక్కన రిబ్బను ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. మా అత్తగారు నన్ను చంపేస్తుంది."

"దాన్నెవరు ముట్టుకుంటారయ్యా, పైకే పచ్చన, లోపలంతా ఇటికరంగు" అంటూ వాళ్ళు వెనక్కి వెళ్ళారు. గంట తర్వాత బండి నిండా కొమ్మలతో, పైన తడిగుడ్డ కప్పుకుని నవ్వుకుంటూ పోయారు. నేను గేటు దాకా తోసి సాయం కూడా చేశాను. అత్తగారు చీకటిపడే వేళకి బుగ్గ వాచిపోయి వచ్చి, తలకి గుడ్డ కట్టుకుని తిన్నగా పడుకుంది.

మర్నాడు మండే ఎండ. ఊరేగింపు మూడు పీఠాలు దాటి స్తెఫ్కా పిన్ని గోడ దగ్గరికొచ్చింది. అందరం రోడ్డు మీద మోకాళ్ళూనాం. చిన్నపిల్లలు పూరేకులు చల్లుతున్నారు, ఫాదర్‌గారు సువార్త పాడుతున్నారు. పీఠం చుట్టూ మనిషి చెయ్యంత లావు దండ, జానెడు జానెడు రెమ్మలు కలిపి తాడుకి కట్టినది. అంత పచ్చదనం ఆ ఏడాది ఊళ్ళో ఎవరూ చూడలేదు. అబ్బ, ఎంత బాగుందీ అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

నా పక్కన అత్తగారు వాచిన బుగ్గతో ముద్దముద్దగా అంది. "ఎక్కలిదది?"

"మనదే అత్తమ్మా. నేనే ఇచ్చాను. మీ రిబ్బను మొక్క జోలికి వెళ్ళనివ్వలేదులెండి."

ఆవిడ నా వైపు చూసింది. "లిబ్బను దొంగల కోసం కట్టానురా పిచ్చోడా."

అసలు మొక్క పందులపాక వెనక ఉందట. చలిగాలి తగిలే వైపు ఎవరూ పట్టించుకోకుండా ఉన్నది, ఆవిడ కావాలనే పట్టించుకోనిది. ఆడవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, దేవుడికి మంచిదే ఇవ్వాలి కదా అని, ఉన్నవాటిలో పచ్చనిదాన్ని మోకాలి ఎత్తు మోడు మాత్రం మిగిల్చి కోసేశారు.

అప్పుడైనా ఏమైనా చేసుండొచ్చుగానీ, మా ఆచారం ఒకటుంది. ఆశీర్వాదం అయీ అవగానే జనం పీఠం మీదికి ఎగబడతారు. ఆ కొమ్మ ఇంట్లో ఉంటే పిడుగు పడదని, చేలో గుచ్చితే వడగళ్ళు కురవవని నమ్మకం. అత్తగారు లేవబోయింది. మోకాళ్ళు సహకరించలేదు, నా భుజం పట్టుకుంది. నేను ఆవిణ్ణి లేపేసరికి ఆఖరి గంట మోగింది, ముసలీ ముతకా అందరూ దండని పీకి పంచుకున్నారు. రెండు నిమిషాల్లో తాడు మాత్రం మిగిలింది. ఫాదర్‌గారు గొడుగు కింద గుడివైపు వెళ్ళిపోతున్నారు.

బోగ్నా ఆ తాడు వైపు చూసి, మా ఇద్దరి వైపు చూసి, సంగతి అర్థం చేసుకుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా ఇంటికి నడిచింది. దానికే నాకు ఎక్కువ బాధ వేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

అత్తగారు మాత్రం అక్కడే గోడ మీద కూర్చుని బుగ్గ పట్టుకుని ఆలోచించింది. "తూయా రెమ్మ తల్లినుంచి తెంచాక తడిగా ఉంచితే రెండ్రోజులు ఆగుతుంది" అంది. "బస్తా తడిపి తీసుకో. తిరుగు. ఇంటింటికీ తిరుగు."

"ఆశీర్వదించిన కొమ్మ వెనక్కెలా అడుగుతాను?"

"నోరుంది కదా నీకు. ఇప్పుడైనా పనికొస్తుంది."

మొదట స్తెఫ్కా పిన్ని ఇంటికే వెళ్ళాను. మరియమ్మ తల్లి పటం వెనక పదకొండు రెమ్మలు గుచ్చి ఉన్నాయి. విషయం చెప్పగానే పిన్ని నెత్తి కొట్టుకుంది. "ఈ పెలాగియా గుట్టు మండిపోను! ఒక్కమాట చెబితే దాని నీడ కూడా తొక్కేదాన్ని కాదే!" పదకొండూ తీసి నా బస్తాలో పడేసింది.

"చాలా థాంక్స్ పిన్నీ" అన్నాను.

నా చెయ్యి మీద ఫట్‌మని ఒక్కటి వేసింది. "ఛీ ఛీ, నోరు కడుక్కో! ఇచ్చిన మొక్కకి థాంక్స్ చెబితే వేళ్ళు పడుతుందటయ్యా ఎక్కడైనా? పట్నం బుద్ధులు!" ఆ పదకొండూ తీసి మళ్ళీ పటం వెనక పెట్టి, మళ్ళీ తీసి ఇచ్చింది, నేనన్న థాంక్స్ కొట్టుకుపోవడానికి. "ఇప్పుడు తీసుకో. మూతి ముడుచుకుని పో."

ఆ సాయంత్రమూ మర్నాడూ నూట నాలుగు ఇళ్ళు తిరిగాను. ప్రతివాళ్ళూ కొమ్మ తెచ్చి ఇస్తే, కృతజ్ఞతతో నా కళ్ళు చెమ్మగిల్లుతుంటే, ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను. నా జన్మలో అంత మర్యాద తక్కువగా ఎప్పుడూ ప్రవర్తించలేదు. రెమ్మలు ఎక్కడెక్కడ దొరికాయో చెబితే నవ్వుతారు. చూరు కింద, ఆవు కొమ్ముకి, పెళ్ళికాని పిల్ల దిండు కింద. ఒనుఫ్రి తాత కాబేజీ తోట నాలుగు మూలలా నాలుగు గుచ్చేసి ఉన్నాడు.

"ఇవ్వను. వడగళ్ళు పడితే నువ్వొచ్చి గొడుగు పడతావా?" అన్నాడు.

"నాలుగు బర్చ్ చెట్టు కొమ్మలు తెచ్చిస్తాను తాతా, అవీ ఆశీర్వదించినవే. మూడో పీఠానివి."

తాత గడ్డం గోక్కున్నాడు. "మూడో పీఠం దగ్గర ఫాదర్ దగ్గాడు. సరిగ్గా ఆశీర్వదించాడో లేదో. ఐదు తే."

ఐదు తెచ్చాను. హిరోనిమ్ మామ ఒక్కడే తలుపు సగం తీసి, "నేనేం తీసుకోలేదు" అన్నాడు. హిరోనిమ్ మామది కూడా నర్సరీయే, మా అత్తగారికి పోటీదారు. మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళ మధ్య ఇసక దులుపుకుంటూనే ఉన్నాడు. ఆయన వెనక అద్దాల పెట్టెకి కొత్తగా సున్నం పూసి ఉంది, లోపల లేత రెమ్మలకి ఎండ తగలకూడదనుకున్నప్పుడే అలా పూస్తారు. ఇంటికొచ్చి మండిపడుతూ చెప్పాను. అత్తగారు తడి గోనె మీద రెమ్మలు పరుస్తూ, "వాడికి చూడగానే తెలిసిపోయుంటుంది, చెయ్యి తిరిగినవాడు. పోన్లే, మంచి చేతిలో పడ్డాయి" అంది. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు.

నాలుగువందల పన్నెండు దొరికాయి. కొన్ని అప్పటికే వాలిపోయాయి. అత్తగారు ఒక్కో రెమ్మ మొదలుని చిన్న కత్తితో ఏటవాలుగా చెక్కి ఇస్తే, నేను తడి ఇసకలో వేలి ఎడంతో గుచ్చాను. రెండు రోజులు నడుములెత్తలేదు. అద్దాలు మూసి, సున్నం పూసి, "ఇంక నీళ్ళు చిలకరించడమే. రోజుకి నాలుగుసార్లు, ఒక్కసారి మరిచావా అంతే" అంది.

అదిగో, అక్కడ ఆవిడకి నా సంగతి తెలియలేదు. తొమ్మిదేళ్ళు ట్రాము నడిపినవాడికి వేళ తప్పడమంటే ఏమిటో తెలియదు. పొద్దున్న ఆరుకి, పదికి, రెండుకి, సాయంత్రం ఆరుకి. ఆ వేసవి అంతా నేను పిచికారీ పట్టుకుని అద్దాల పెట్టె దగ్గర నిమిషం అటూ ఇటూ కాకుండా నిలబడ్డాను. జూలైలో మా ఊరివాళ్ళు నన్ను చూసి గడియారాలు సరిచేసుకోవడం మొదలుపెట్టారు. స్తెఫ్కా పిన్ని గోడ మీంచి, "ట్రామొచ్చిందే, పాలు దింపండే" అని కోడళ్ళని కేకేసేది. ఒకసారి చిలకరిస్తుంటే వెనక అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. "నీళ్ళు మరీ దగ్గరగా కొట్టకు" అని వెళ్ళిపోయింది. అంతకంటే మెచ్చుకోలు ఆ ఇంట్లో అప్పటిదాకా నేనెరగను. రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఆగస్టులో కొన్ని కుళ్ళాయి. రోజూ పొద్దున్న మెత్తబడినవాటిని ఏరి పారేసేవాళ్ళం. బోగ్నా పొట్ట పెద్దదై, బల్ల మీద కూర్చుని చెర్రీల గింజలు తీస్తూ దూరంనుంచి మమ్మల్ని చూసేది. "ఎన్ని పోయాయి?" అని అడిగేది. ఎగతాళిగా కాదు. తను కూడా భయపడుతోందేమో అని నాకు అప్పుడప్పుడు అనిపించేది. కానీ ఫ్యాక్టరీ వాళ్ళ దరఖాస్తు కాగితం తెచ్చి, నా పేరు రాసి, సంతకానికి చోటు వదిలి పంచదార డబ్బా కింద పెట్టింది.

సెప్టెంబరు ఆఖరి శనివారం లెక్క చూశాం. రెమ్మని వేళ్ళతో పట్టుకుని పైకి కొంచెం లాగాలి. ఊడి వచ్చేస్తే లేదు. గట్టిగా పట్టుకుంటే ఉంది. నా చేతికి మొదటిది గట్టిగా తగిలినప్పుడు, ఎక్కడ ఊడొచ్చేస్తుందోనని చటుక్కున వదిలేశాను. సాయంత్రానికి తేలింది, రెండువందల యాభై రెండు.

అత్తగారు కోటు తొడుక్కుని, తలగుడ్డ కట్టుకుని బయల్దేరింది. నేను వెనకాలే నడిచాను. హిరోనిమ్ మామ గేటు ముందు నిలబడి, "ఒరే హిరోనిమ్" అని పిలిచింది. "నా పిల్లల్ని ఎలా చూసుకుంటున్నావో చూసిపోదామని వచ్చాను."

మామ బయటికొచ్చి చాలాసేపు టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ముప్పై ఎనిమిది పట్టాయక్కా" అన్నాడు చివరికి. "అంత పచ్చని రకం నేనెక్కడా చూళ్ళేదు."

"సగం ఇవ్వు. సగం ఉంచుకో. కష్టపడ్డావు కదా."

పంతొమ్మిది చిన్న చెక్కపెట్టెలో పెట్టి ఇచ్చాడు. అత్తగారు పెట్టె అందుకుని, ఒక్క మాట అనకుండా, మూతి బిగించుకుని తిరిగింది. ఆయన కూడా అలాగే మూతి బిగించుకుని తలూపాడు. అంత మర్యాదగా ఇద్దరు మాట్లాడుకోకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

దారిలో నేను లెక్క వేశాను. రెండువందల డెబ్భై ఒకటి. ఎన్నిసార్లు వేసినా ఇరవై తొమ్మిది తక్కువే. రాత్రంతా అటూ ఇటూ పొర్లి ఒక నిర్ణయానికి వచ్చాను. బోగ్నాతో ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఫ్యాక్టరీకి పోతాను. మనిషన్నాక మాట మీద నిలబడాలి, పైగా వేడినీళ్ళు.

ఆదివారం పూజనుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నాం. పుట్టగొడుగుల చారు, ఉప్పేసి ఉడికించిన బంగాళదుంపలు. బోగ్నా చేతులు తుడుచుకుని పంచదార డబ్బా కిందనుంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"చెప్పండి. ఎన్ని?"

నేను నోరు తెరిచాను. అత్తగారు చారు ఊదుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది. "మూడొందల నాలుగు."

ఆ ఇంట్లో రెండేళ్ళలో అత్తగారి లెక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఎన్ని గుడ్లున్నాయో, ఎన్ని మొక్కలు అమ్మామో, నేను ఎన్నిసార్లు ఎంత తప్పు చేశానో ఆవిడ దగ్గర ఒకటి ఎక్కువ ఉండదు, ఒకటి తక్కువ ఉండదు.

బోగ్నా నా వైపు తిరిగింది. "నిజమేనా? లెక్కపెట్టింది నువ్వు కదా. నువ్వు చెప్పు."

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. గిన్నెలో చెంచా ఆగిపోయి ఉంది. మామగారి కోటు ఇంకా విప్పలేదు, ఆ పెద్ద కోటులో ఆవిడ చాలా చిన్నగా కనపడింది.

"నాలుగు కాదు" అన్నాను.

చెంచా గిన్నె అంచుకి తగిలి చప్పుడైంది.

"మూడొందల ఆరు. పాక పక్క పెట్టెలో చివరి రెండూ ఆవిడ చూసుకోలేదు."

బోగ్నా నన్ను చూసింది, వాళ్ళమ్మని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. మా ఆవిడ చిన్నప్పటినుంచి ఆ నర్సరీలో పెరిగింది, కిటికీలోంచి ఆ పెట్టెలు కనపడతాయి, తనకి లెక్కలు రావనుకోడానికి లేదు. పెదవులు బిగబట్టింది, ముక్కు కొస ఎర్రబడింది. నవ్వు వచ్చినప్పుడు ఆపుకుంటే తనకి అలాగే అవుతుంది.

"మీ ఇద్దరూ ఒక మాట మీద ఉండటం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి చూస్తున్నాను" అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చారు గిన్నె ఎత్తి, బల్ల కాలకుండా దాని కింద పెట్టింది. "ఎల్లుండి గోతులు తవ్వాలి. నేలలోకి దింపకపోతే మంచు వచ్చేస్తుంది."

అత్తగారు లేచి గరిటె అందుకుంది. రెండేళ్ళుగా నా గిన్నెలోకి చారు పైతేటగానే పడేది. ఆ రోజు గరిటె అడుగుదాకా ముంచి తిప్పి, పుట్టగొడుగులన్నీ ఒక దగ్గరికి చేర్చి నా గిన్నెలో వేసింది.

"తిను" అంది. "పదికి నీళ్ళు కొట్టావా ఇవాళ?"

"కొట్టాను అత్తమ్మా."

"ఆఁ. చూశాన్లే."